ఎల్లోస్టోన్‌కి ఆర్వీలో వారం: ఏం తిన్నాం, ఏం వెనక్కి మోసుకొచ్చాం

మా అమ్మానాన్న తెనాలి నుంచి డల్లాస్ వచ్చి నెలరోజులయ్యింది. జూన్‌లో పిల్లలకి సెలవులివ్వగానే ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి వెళ్దామనుకున్నాం. నాన్న బయట తినరు. హోటల్ గదుల్లో వంట కుదరదు. "వంటిల్లు ఉన్న బండి తీసుకుంటే సరి" అన్నారు మా ఆయన. సాల్ట్ లేక్ సిటీ దాకా విమానంలో వెళ్లి, అక్కడ 25 అడుగుల ఆర్వీ (వంటిల్లు, పడకలు ఉన్న ఇల్లులాంటి బండి) అద్దెకి తీసుకున్నాం. ఏడు రాత్రులు, దాదాపు 950 మైళ్లు. బండి గ్యాలన్‌కి 8 మైళ్లకి మించి ఇవ్వలేదు, ఆ లెక్క ముందే వేసుకోండి.

డల్లాస్‌లో సర్దిన రెండు పెట్టెల్లో ఒకటి పూర్తిగా తిండే. 50 పౌండ్లకి ఒక్క పౌండు తక్కువ తూగింది. పచ్చళ్లన్నీ అందులోనే పెట్టాం. క్యాబిన్ బ్యాగులో పెడితే ఆవకాయ కూడా ద్రవపదార్థాల లెక్కలోకే వస్తుంది, సెక్యూరిటీ దగ్గర చెత్తబుట్ట పాలవుతుంది. మా అందరికీ వారానికని తీసుకెళ్లినవి: బియ్యం నాలుగు కిలోలు, కందిపప్పు కిలో, ఉప్మా రవ్వ కిలోన్నర, అటుకులు కిలో, కందిపొడి అరకిలో, కరివేపాకు కారం, నువ్వుల పొడి, ఆవకాయ, మాగాయ, పులిహోర గుజ్జు ఒక సీసా, నెయ్యి, జంతికలు, సున్నుండలు. ఇవి చాలవేమోనన్న భయంతో వేడిచేసుకు తినే కూర ప్యాకెట్లు ఒక డజను. పాలు, పెరుగు, కూరగాయలు సాల్ట్ లేక్‌లో కొన్నాం. అక్కడి ఇండియన్ స్టోర్‌లో ఇడ్లీ పిండి కనబడేసరికి అమ్మ ఆగలేకపోయింది, రెండు డబ్బాలు తీసుకుంది. ఆ పిండి సంగతి తర్వాత చెప్తాను.

లోగన్ మీదుగా, బేర్ లేక్ పక్కనుంచి జాక్సన్ ఊరి వైపు వెళ్లాం. టీటన్ పాస్ కొండదారి చాలా నిటారు, అంత బండితో అటు వద్దనుకుని స్నేక్ నది పక్కన ఉన్న 89వ నంబర్ రోడ్డు పట్టుకున్నాం. మంచిపని చేశాం. మధ్యాహ్నం బేర్ లేక్ దగ్గర ఆగి పాల కోసం ఫ్రిజ్ తలుపు తీస్తే ఇడ్లీ పిండి మూత నెట్టుకుని పొంగి, కింది అర మీదికి, కొత్తిమీర మీదికి, తలుపు రబ్బరు సందుల్లోకి కారి ఉంది. పాలు గోరువెచ్చగా ఉన్నాయి. విషయం ఏంటంటే ఆర్వీ ఫ్రిజ్ కరెంటు మీదా నడుస్తుంది, గ్యాస్ మీదా నడుస్తుంది. బండి దారిలో ఉన్నప్పుడు గ్యాస్‌కి మార్చాలి. అద్దెకిచ్చినవాళ్లు కరెంటు మీదే వదిలేసి మాకు తాళాలిచ్చారు. ఇరవై నిమిషాలు అన్నీ చూపించిన కుర్రాడు ఆ ఒక్క బటన్ గురించి చెప్పలేదు. ఇంకో సంగతి కూడా చెప్పలేదు: ఈ రకం ఫ్రిజ్ బండి సమంగా నిలబడితేనే సరిగ్గా చల్లబడుతుంది, ఏటవాలు చోట గంటల తరబడి ఆపితే చల్లదనం పడిపోతుంది. బండి తీసుకునేటప్పుడు ఈ రెండూ అడిగి మరీ చూపించుకోండి.

అక్కణ్ణించి నేను ఫ్రిజ్‌ని నమ్మడం మానేశాను. అందులో పెరుగు, పాలు, ఓ నాలుగు కూరగాయలు, అంతే. మిగతాదంతా బయట ఉండి పాడవనిదే కావాలి. అమ్మ అయితే "మీ తాతయ్య కాశీ వెళ్లినప్పుడు ఫ్రిజ్ పట్టుకెళ్లారా ఏంటి" అని తేల్చేసింది.

మొదటి మూడు రాత్రులు ఎల్లోస్టోన్ పక్కనున్న గ్రాండ్ టీటన్ పార్కులో, కోల్టర్ బే ఆర్వీ పార్క్‌లో. నీళ్లు, కరెంటు, మురుగు గొట్టం మూడూ ఉంటాయి. పక్కనే సామాన్ల కొట్టు, బట్టలుతికే మెషిన్లు, నాలుగడుగులేస్తే జాక్సన్ లేక్. పెద్దవాళ్లతో, పిల్లలతో మొదటిసారి ఆర్వీలో వెళ్లేవాళ్లకి నేను ఇదే చెప్తాను. కరెంటు ఉంది కాబట్టి రైస్ కుక్కర్ పెట్టుకున్నాం, ప్రాణం హాయిగా ఉంది.

ఆ హాయి రాత్రి తాలింపు దాకానే. అమ్మ మూకుట్లో నూనె పోసి, ఆవాలు, నాలుగు ఎండుమిరపకాయలు వేసింది. అర నిమిషం కాలేదు, పొగ అలారం కీచుమని మొదలైంది. ఘాటుకి పిల్లలు దగ్గుతూ బయటికి పరిగెత్తారు, నాన్న తలుపు దగ్గర నిలబడి తుండుతో విసురుతున్నారు. పక్క బండిలోంచి ఒక పెద్దాయన వచ్చి అంతా బాగానే ఉందా అని అడిగి వెళ్లాడు. ఆ మిరప ఘాటు సీట్ల గుడ్డకి పట్టి రెండు రోజులు పోలేదు. ఆర్వీలో తాలింపు పెట్టకండి. పెట్టాల్సినవన్నీ ఇంటి దగ్గరే పెట్టుకుని రండి. మా ఉప్మా రవ్వ అలాంటిదే: ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు, పచ్చిమిర్చి నూనెలో బాగా కరకరలాడేదాకా వేయించి, అందులోనే రవ్వ కూడా వేయించి, చల్లార్చి జిప్ కవర్లలో కట్టాను. ఒక కప్పుకి రెండున్నర కప్పుల నీళ్లు మరిగించి ఇది పోసేస్తే అయిదు నిమిషాల్లో ఉప్మా. పచ్చిమిర్చిలో తడి మిగిలితే మాత్రం బూజు పడుతుంది, చూసుకోండి.

నాలుగో రోజు ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్. పార్కు లోపల అన్ని కనెక్షన్లూ ఉన్న ఆర్వీ చోటు ఇదొక్కటే. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి గట్టి గోడలున్న బండ్లనే రానిస్తారు, టెంట్లకి చోటు లేదు. మంట వేసుకోవడం కూడా కుదరదు. బస అంటే బండిలోనే. పడుకోవడానికి, నీళ్లు నింపుకోవడానికి బాగుంది, సాయంత్రం బయట కూర్చుని కబుర్లు చెప్పుకోవాలంటే మాత్రం ఇది కాదు. ఎలుగుల చోట తిండి వస్తువులే కాదు, ఖాళీ గిన్నె, కూలర్ కూడా బయట వదలకూడదు. నాన్న మధ్యాహ్నం బల్ల మీద జంతికల డబ్బా పెట్టి, కళ్లజోడు కోసం లోపలికి వచ్చారు. తిరిగి వెళ్లేసరికి పార్కు రేంజర్ ఒకావిడ ఆ డబ్బా పక్కన నిలబడి ఉంది. నవ్వుతూనే చెప్పింది గానీ గట్టిగానే చెప్పింది.

ఇక్కడ ఎత్తు 7,800 అడుగుల దాకా ఉంటుంది. నీళ్లు 92 డిగ్రీలకే మరుగుతాయి. అంటే తెరిచిన గిన్నెలో పప్పు మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది. ప్రెషర్ కుక్కర్ లేకుండా వెళ్లకండి. ఇంటి దగ్గర మూడు విజిల్స్‌కి ఉడికే కందిపప్పుకి ఇక్కడ అయిదు పట్టాయి. ఎత్తుకి మరో తమాషా: చిప్స్ ప్యాకెట్లు దిండుల్లా ఉబ్బాయి, ఆవకాయ సీసా మూత తిప్పగానే బుస్సుమని నూనె అంచు దాటింది. పచ్చడి సీసాలని ఒక గిన్నెలో నిలబెట్టి, గిన్నెతో సహా కవర్లో కట్టండి.

చివరి రెండు రాత్రులు మ్యాడిసన్ క్యాంప్‌గ్రౌండ్‌లో. నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఇదే. గిబ్బన్, ఫైర్‌హోల్ నదులు కలిసి మ్యాడిసన్ నది అయ్యేది ఇక్కడే, వేడినీళ్లు ఎగజిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్ 16 మైళ్లు. కానీ కరెంటు లేదు, స్నానాల గదులు లేవు. జెనరేటర్ ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకానే వేసుకోవాలి. రైస్ కుక్కర్, మైక్రోవేవ్ అటకెక్కాయి. నాన్న కాఫీకి మాత్రం ఇబ్బంది రాలేదు, స్టీలు ఫిల్టర్‌కి కరెంటుతో పనేముంది?

ఇక్కడే అసలు లెక్క తెలిసింది. ఆర్వీలో ముందు అయిపోయేది తిండి కాదు, నీళ్లు. ట్యాంకులో నీళ్లు తగ్గడం ఒక బాధ, అంట్లు కడిగిన నీళ్ల ట్యాంకు నిండిపోవడం ఇంకో బాధ. నూనె పట్టిన పులిహోర గిన్నె కడగడానికి ఎన్ని నీళ్లు పడతాయో ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. కుక్కర్లో రెండు గిన్నెలు పెట్టి, ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో పప్పు వండితే కుక్కర్ కడిగే పని తప్పింది. గిన్నెల్ని ముందు టిష్యూతో తుడిచి, తర్వాత కాసిని నీళ్లతో సరిపెట్టాం. పేపర్ ప్లేట్లు సరేసరి.

అలా చూస్తే నెగ్గింది పొడులే. వేడన్నం, కందిపొడి, నెయ్యి. అరకిలో పొడి అయిదో రోజుకే అయిపోయింది, ఈసారి కిలో. అటుకులు రెండో స్థానం: పెరుగులో నానబెడితే దద్ధోజనంలా, ఉల్లిపాయ, నిమ్మకాయ, వేరుశెనగలు కలిపితే టిఫిన్‌లా. చపాతీలకి బదులు మామూలు అమెరికన్ కొట్లో దొరికే గోధుమ టోర్టిల్లాలు కొన్నాం. వారం రోజులు బయటే ఉన్నాయి, ఏమీ కాలేదు. పిల్లలు వాటిలో నువ్వుల పొడి, నెయ్యి రాసుకుని చుట్టుకు తిన్నారు. పులిహోర గుజ్జు మాత్రం రెండుసార్లకే సరి. అందులో ఒకసారి హేడెన్ వ్యాలీలో బైసన్ (అమెరికా అడవిదున్నల) మంద రోడ్డుకి అడ్డంగా నిలబడి, గంటసేపు బండి కదలక, కిటికీ పక్కనే కూర్చుని తిన్నాం. ఒక బైసన్ మా అద్దానికి రెండు గజాల దూరంలో తోక ఊపుతూ నడిచిపోయింది. అమ్మ చెయ్యి ప్లేట్లోనే ఉండిపోయింది.

కూర ప్యాకెట్లు డజనులో తొమ్మిది వెనక్కొచ్చాయి. మా అందరికీ ఒక పూటకి నాలుగు కావాలి, అన్నిట్లో ఒకటే మసాలా రుచి, నాన్న ఒక ముద్ద తిని మాగాయ అడిగారు. ఎవరికైనా ఒంట్లో బాగోలేక వండలేని రాత్రికి రెండు మూడు చాలు. పెరుగు తోడు వెయ్యడం కూడా మానుకోండి. జూన్‌లోనూ రాత్రిళ్లు గడ్డకట్టే చలి, ఎన్ని దుప్పట్లు చుట్టినా పాలు పాలుగానే ఉన్నాయి. జాక్సన్‌లోనే పెద్ద డబ్బా పెరుగు కొనేసుకోవాలి, పార్కులోకి వెళ్లాక ఎంపిక తక్కువ.

తిరుగు దారిలో వెస్ట్ ఎల్లోస్టోన్, ఐడహో ఫాల్స్ మీదుగా సాల్ట్ లేక్ చేరి బండి అప్పగించాం. తనిఖీకి వచ్చినావిడ ట్యాంకులు చూసింది, పొయ్యి చూసింది, అన్నీ బాగున్నాయంది. ఫ్రిజ్ తలుపు తీసి, రబ్బరు సందులో ఎండిపోయిన తెల్లటి చారని గోటితో గీకి, ఇదేంటని అడిగింది. నేను ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలా అని వెతుక్కునేలోపే మా చిన్నాడు "ఇడ్లీ" అన్నాడు. శుభ్రం చేసినందుకు 40 డాలర్లు పట్టుకున్నారు.