ఒకే బయటి చిరునామా, లోపల మూడు సర్వర్లు: ఏ రివర్స్ ప్రాక్సీ మేలు?

పర్లాకిమిడిలోని మా కళాశాలకు బయటి ఐపీ చిరునామా ఒక్కటే. లోపల మాత్రం ప్రవేశాల దరఖాస్తు, గ్రంథాలయ జాబితా, పరీక్షా ఫలితాలు మూడు వేర్వేరు యంత్రాల మీద నడుస్తాయి. అడిగిన వెబ్‌సైటు పేరును బట్టి అభ్యర్థనను తగిన యంత్రానికి చేరవేసే రివర్స్ ప్రాక్సీ కోసం మేము ఇంజిన్‌ఎక్స్ (nginx), క్యాడీ (Caddy), హెచ్‌ఏప్రాక్సీ (HAProxy) అనే మూడింటిని పరిశీలించాము.

2004లో విడుదలైన ఇంజిన్‌ఎక్స్‌తోనే మొదలుపెట్టాము. దాని వేగానికి వంక పెట్టలేము. స్థిరమైన ఫైళ్లను తానే అందిస్తుంది. ఏ సందేహం వచ్చినా ఎవరో ఒకరు ఇదివరకే పడి లేచి ఉంటారు. చిక్కల్లా మనం ఏమీ రాయనప్పుడు అది పాటించే నియమాలతోనే. దరఖాస్తుల మొదటి రోజున, ఒడియాలోనూ తెలుగులోనూ ఉన్న ధ్రువపత్రాలను స్కాన్ చేసి పంపిన విద్యార్థులకు 413 అనే దోషం కనిపించగా, మేము లోపలి సర్వర్ లాగ్‌ను, అంటే వచ్చిన అభ్యర్థనలు నమోదయ్యే చిట్టాను, పూటంతా వెతికాము. అభ్యర్థన అక్కడిదాకా వస్తే కదా! పరిమితి పెంచుతూ ఒక వరుస రాయకపోతే 1 మెగాబైటు దాటిన అప్‌లోడ్‌ను ఇంజిన్‌ఎక్స్ గుమ్మంలోనే తిప్పి పంపుతుంది; ముందే చదువుకోకపోవడం మా తప్పే. అలాగే వాడుకరి అడిగిన హోస్ట్ పేరును (వెబ్‌సైటు పేరును), అతని ఐపీని లోపలికి పంపమని విడిగా చెప్పాలి, లేకుంటే లాగ్ నిండా ప్రాక్సీ చిరునామాయే కనిపిస్తుంది.

గో అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన క్యాడీ ఈ రెండింటినీ అడగకుండానే పంపుతుంది. ఒక్కో సైటుకు మూడు వరుసలు రాస్తే చాలు. సురక్షిత (https) కనెక్షన్‌కు కావలసిన సర్టిఫికెట్‌ను, వాటిని ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ నుంచి తానే తెచ్చుకొని, గడువు ముగియకముందే కొత్తది తెచ్చుకుంటుంది. బయటి నుంచి అందని లోపలి పేర్లకు మాత్రం సొంత సర్టిఫికెట్ వాడుతుంది కాబట్టి, బ్రౌజర్లు దాన్ని నమ్మాలంటే దాని మూల సర్టిఫికెట్‌ను ప్రతి కంప్యూటర్‌లోనూ ఎక్కించవలసి వస్తుంది. మా ల్యాబులో అది చిన్న పని కాదు.

హెచ్‌ఏప్రాక్సీ స్వభావం వేరు. ఫైళ్లను అందించడం దాని పని కాదు. ఒకే అప్లికేషన్ రెండు మూడు యంత్రాల మీద ఉన్నప్పుడే దాని విలువ తెలుస్తుంది. తనిఖీ చేయమని రాస్తే 2 సెకన్లకోసారి ప్రతి యంత్రాన్నీ పలకరించి, వరుసగా 3 సార్లు జవాబు రాకపోతే పక్కన పెడుతుంది, 2 సార్లు పలికితే మళ్లీ చేర్చుకుంటుంది.

సర్వర్లు చూసే మనిషే ప్రింటర్లూ బాగుచేసే మా వంటి చోట క్యాడీకే నా ఓటు. ఇంజిన్‌ఎక్స్ చేయి తిరిగినవారు ఉన్నచోట దాన్ని మార్చవలసిన పని లేదు. ఫలితాల సర్వర్‌ను రెండు యంత్రాలకు పెంచిన నాడు మాత్రం, మేము హెచ్‌ఏప్రాక్సీని ఆ ఒక్కదాని ముందు పెడతాము.