వేప్ పరికరాల ‘చైల్డ్ లాక్’ మాట నమ్మి కొనకండి: బెంగళూరులో నాకు జరిగింది

బెంగళూరులో ఉంటున్న మన తెలుగువాళ్లలో, ఇంట్లో పసిపిల్లలు ఉండి, సిగరెట్ మానడానికి వేప్ (నికోటిన్ ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చే ఈ-సిగరెట్) ఒక దారి అనుకుంటున్న తండ్రులు ఎవరైనా ఉంటే వారి కోసం ఇది రాస్తున్నాను. నేను కొన్నది మన దేశంలో అమ్మకూడని సరుకు. ఆ సంగతి దాచిపెట్టి రాస్తే ఈ హెచ్చరికకు విలువ ఉండదు కాబట్టి మొదటే ఒప్పుకుంటున్నాను.

మూడు నెలల కిందట కోరమంగలలో, బయట ఫోన్ కవర్లూ ఛార్జర్లూ వేలాడదీసి, అడిగినవాళ్లకు మాత్రం కౌంటరు కింది నుంచి తీసి చూపించే ఒక చిన్న దుకాణంలో 1,900 రూపాయలకు పాడ్ (ద్రవం ఉండే చిన్న డబ్బా) మార్చుకునే రకం వేప్ ఒకటి కొన్నాను. ఇంట్లో రెండున్నరేళ్ల పాప ఉందని చెప్పగానే ఆ కుర్రవాడు, నా యాసను పట్టుకున్నాడో ఏమో, కన్నడం వదిలి తెలుగులోకి దిగి, ‘మాది మదనపల్లె అన్నా, మనోళ్లకి అబద్ధం చెప్తానా, దీనికి చైల్డ్ లాక్ ఉంది’ అంటూ బటన్‌ను ఐదుసార్లు టకటకా నొక్కి దీపం ఆరిపోవడం చూపించాడు. పెట్టె మీద తాళం బొమ్మా, దాని పక్కన పసిపాప బొమ్మా అచ్చువేసి ఉన్నాయి. పరాయి ఊళ్లో తెలుగు మాట చెవిన పడితే మనం ఎంత తేలిగ్గా మెత్తబడిపోతామో నాకు తెలియనిది కాదు, అయినా మెత్తబడ్డాను. బిల్లు అడగలేదు.

ఆ లాక్ నిజానికి ఏ పని కోసం ఉందో నాకు ఆలస్యంగా అర్థమైంది. ఐదుసార్లు నొక్కితే ఆగి, మళ్లీ ఐదుసార్లు నొక్కితే పనిచేసే ఆ ఏర్పాటు వల్ల కలిగే మేలు, జేబులోనో సంచిలోనో బటన్ తనంతట తాను నొక్కుకుపోయి ద్రవాన్ని కాచే లోపలి తీగచుట్ట, అంటే కాయిల్, వేడెక్కకుండా ఉండటం. పసిపిల్లల చేతిని అది ఆపలేదు. రెండేళ్ల పిల్లకు బటన్ దొరికితే ఒక్కసారి నొక్కి ఊరుకుంటుందా? లిఫ్ట్‌లో ఎత్తుకుని నిలబడిన ఏ తండ్రినైనా అడగండి. పైగా ఛార్జింగ్ పెట్టి తీసిన ప్రతిసారీ నా పరికరంలో లాక్ దానంతట అదే పోయేది, నేను దాన్ని చిన్న లోపంగా తీసుకుని వదిలేశాను. ఇదంతా ఒక ఎత్తు, అసలు మోసం ఇంకొక ఎత్తు. ఆ లాక్ ఆపేది బ్యాటరీ నుంచి వెళ్లే కరెంటునే తప్ప లోపలి ద్రవాన్ని కాదు. ద్రవం ఉండే పాడ్ రెండు చిన్న అయస్కాంతాల పట్టుతో నిలుస్తుంది, గోటితో లాగితే ఊడి చేతికి వస్తుంది, నింపుకునే రంధ్రానికి ఒక రబ్బరు బిరడా తప్ప మరే అడ్డూ లేదు. అంటే లాక్ చక్కగా పనిచేస్తున్నా సరే, విషం మాత్రం మూత లేని గిన్నెలో ఉన్నట్లే.

ఒక ఆదివారం ఉదయం, తలుపు వెనక తగిలించిన నా ప్యాంటు కింద పడితే, దాని జేబులోంచి మా అమ్మాయి ఆ పరికరాన్ని తీసింది. మా ఆవిడ చూసేసరికి పాడ్ పాప నోట్లో ఉంది, బిరడా నేల మీద ఉంది, గదంతా మామిడిపండు వాసన. కాసేపటికే వాంతి, ఆగకుండా చొంగ, ఒళ్లంతా చెమట. ఆసుపత్రిలో ఆ రాత్రంతా గుండె కొట్టుకునే తీరు గమనిస్తూ ఉంచి, మర్నాడు ఇంటికి పంపారు. పాప ఇప్పుడు క్షేమంగా ఉంది. ఆ రాత్రి గురించి ఇంతకు మించి రాయలేను.

డాక్టరు మొదట అడిగింది నికోటిన్ ఎంత ఉందని. పెట్టె మీద 5 శాతం అని ఉంది. వందలో ఐదు వంతులే కదా అన్న దుకాణం కుర్రవాడి మాటను నేనూ అలాగే తలకెక్కించుకున్నాను. కానీ 5 శాతం అంటే మిల్లీలీటరుకు దాదాపు 50 మిల్లీగ్రాములు, 2 మిల్లీలీటర్లు పట్టే పాడ్‌లో 100 మిల్లీగ్రాములు. ఈ పరికరాల అమ్మకాన్ని అనుమతించే ఐరోపా సమాఖ్యలోనే పరిమితి మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు. 12 కిలోల బిడ్డకు కొద్ది మిల్లీగ్రాములు లోపలికి వెళ్లినా ప్రమాదమే, అది చర్మం గుండా కూడా ఇంకుతుంది.

అమెరికాలో 2014 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలో ఏడాది వయసు పిల్లవాడు ద్రవ నికోటిన్ వల్ల చనిపోయాడు. 2016 జనవరిలో అక్కడ వచ్చిన చట్టం ద్రవ నికోటిన్ సీసాలకు పిల్లలు సులువుగా తెరవలేని మూతలు ఉండాలని నిర్దేశించింది. ఆ మూతల పరీక్ష పద్ధతి చదివాక నాకు నోట మాట రాలేదు. 42 నుంచి 51 నెలల వయసు పిల్లలకు సీసా ఇచ్చి ఐదు నిమిషాలు వదిలేస్తారు, తరువాత ఎలా తెరవాలో చేసి చూపించి, పళ్లు కూడా వాడవచ్చని చెప్పి ఇంకో ఐదు నిమిషాలు ఇస్తారు, చివరికి నూటికి 80 మంది తెరవలేకపోతే ఆ మూత నెగ్గినట్లు. అంటే ఇంత పకడ్బందీగా పరీక్షించిన మూతను కూడా నూటికి ఇరవై మంది వరకు తెరిచే అవకాశాన్ని ఆ పరీక్షే ఒప్పుకుంటోంది. ఇక నేను కొన్నదాని మీది తాళం బొమ్మ ఏ పరీక్షకు గుర్తు?

దేనికీ కాదు, కాజాలదు కూడా. కర్ణాటక 2016లోనే ఈ-సిగరెట్లను నిషేధించింది, 2019లో కేంద్ర చట్టం దేశమంతటా వీటి తయారీ, దిగుమతి, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటనలను నిషేధించింది. మొదటిసారి పట్టుబడిన అమ్మకందారుకు ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అమ్మడమే నేరమైన వస్తువుకు భద్రత ఉందో లేదో ఎవరు పరీక్షించి ముద్ర వేస్తారు? విదేశాల నుంచి వచ్చే బావగారో తమ్ముడో తెచ్చి ఇచ్చినా అంతే, దిగుమతి కూడా ఆ నిషేధంలో భాగమే.

మర్నాటి సాయంత్రం ఆ దుకాణానికి వెళ్లాను. ‘బిల్లు ఉందా సార్?’ అన్నాడు ఆ కుర్రవాడు. ‘అన్నా’ అనే పిలుపు ‘సార్’గా మారిపోయింది. యూపీఐలో నేను డబ్బు పంపిన ఖాతా పండ్ల రసాల దుకాణం పేరుతో ఉంది. వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేద్దామని అంకెలు నొక్కి, ఏమని చెప్పుకోవాలో తోచక పెట్టేశాను. దొంగకు తేలు కుట్టినట్లయింది నా పని.

ఇప్పటికే ఇంట్లో ఇలాంటిది ఉన్నవాళ్లు దాన్ని ఫ్రిజ్ మీద పెట్టి ధైర్యంగా ఉండకండి, పిల్లలున్న ఇంట్లోంచే తీసేయండి. బ్యాటరీ ఉంటుంది కాబట్టి మామూలు చెత్తలో కాక ఈ-వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వండి. పొరపాటున బిడ్డ నోట్లో పెట్టుకుంటే బలవంతంగా వాంతి చేయించకండి, నోరు తుడవండి, ఒంటి మీద పడితే సబ్బూ నీళ్లతో కడిగి, బట్టలు మార్చి, లక్షణాలు కనబడేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117లో రాత్రింబవళ్లు పలుకుతుంది. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు సిగ్గుపడి ఆ పెట్టెను ఇంట్లో వదిలేయకండి. నేను వదిలేశాను, నికోటిన్ ఎంతో చెప్పడానికి మా ఆవిడ ఇంటికి వెళ్లి పెట్టెను ఫొటో తీసి పంపేసరికి నలభై నిమిషాలు పట్టింది.