అటవీశాఖ నర్సరీ మొక్క: ఎత్తు కాదు, సంచి అడుగు చూడండి

చెన్నైలో పూలమొక్కలకు ప్రైవేటు నర్సరీలు బోలెడు. నీడనిచ్చే పెద్ద చెట్టు కావాలంటే మాత్రం మొదట వెళ్లాల్సింది అటవీశాఖ నర్సరీకే. తమిళనాడు విస్తీర్ణంలో అడవులూ చెట్లూ ఉన్న భాగాన్ని 33 శాతానికి పెంచాలని 2022లో గ్రీన్ తమిళనాడు మిషన్ మొదలైంది. స్థానిక జాతులకు పెద్దపీట వేసిన ఆ విధానం మన గుమ్మం దాకా వచ్చేది నల్ల సంచిలోని ఈ మొక్క రూపంలోనే. అందుకే దీన్ని ఒక సరుకులాగే పరీక్షించాలి. మార్కులు ఐదుకు మూడున్నర. జాతులకు పూర్తి మార్కులు, కోత ఎక్కువగా పడింది సంచి దగ్గర.

స్థానిక జాతులు ఎందుకంటే, 2016 డిసెంబరు 12న వచ్చిన వర్దా తుపానును గుర్తు చేసుకోండి. మర్నాడు రోడ్లకు అడ్డంగా పడి ఎక్కువగా కనిపించినవి ఎర్ర తురాయి, పచ్చ తురాయి లాంటివి. ఎర్ర తురాయి సొంతూరు మడగాస్కర్. వేర్లు పైపైనే పాకుతాయి, కొమ్మ పెళుసు. సముద్రం వేడెక్కేకొద్దీ తుపాన్ల బలం పెరుగుతుందంటున్నారు కాబట్టి వీధి చెట్టుకు పూల అందం కంటే వేరు పట్టే ముఖ్యం.

అడిగేటప్పుడు తమిళ పేర్లు వాడండి, గంగరావి అంటే అక్కడ అర్థం కాదు. కానుగ పుంగం, పొన్న పున్నై, గంగరావి పూవరసు, నేరేడు నావల్, తెల్లమద్ది నీర్‌మరుదు. బెసంట్ నగర్, తిరువాన్మియూరు లాంటి ఇసుక నేలల్లో, ఉప్పుగాలికి పొన్న, గంగరావి తట్టుకుంటాయి. వేళచ్చేరి వైపు నీళ్లు నిలిచే నేలకు తెల్లమద్ది, నేరేడు, కానుగ నయం. అక్కడ వేప వద్దు, వేరు కుళ్లి పోతుంది. గంగరావిని లావుపాటి కొమ్మ పాతి కూడా పెంచుతారు గానీ దానికి తల్లివేరు ఉండదు. గింజ మొక్కే ఇమ్మని అడగండి.

ఇక సంచి. అందరూ ఏపుగా పెరిగిన మొక్క మీదే చెయ్యి వేస్తారు. చిన్న సంచిలో ఐదడుగుల మొక్క ఉందంటే అది అందులో ఉండాల్సిన కాలానికి మించి ఉండిపోయిందని అర్థం. కొన్ని నర్సరీల్లో ఏడాది దాటినవి కూడా వరసలోనే ఉంటాయి. సంచి ఎత్తి అడుగు చూడండి. వేరు రంధ్రంలోంచి నేలలోకి దిగి, ఎత్తేటప్పుడు పుటుక్కున తెగితే తెగింది తల్లివేరే. లోపల వేర్లు చాపచుట్టలా తిరిగి ఉంటే నాటాక కూడా అలాగే చుట్టుకుంటాయి. పైకి చెట్టు దిట్టంగానే కనిపిస్తుంది, పదేళ్ల తర్వాత గాలివానకు మొదలంటా పడుతుంది. రెండడుగుల ఎత్తు, పెన్సిలంత కాండం, అడుగున వేరు బయటికి రాని మొక్క తీసుకోండి. చుట్టుకున్నదే దొరికితే సంచి చింపి, మట్టిముద్ద పక్కన మూడు చోట్ల నిలువుగా సెంటీమీటరు లోతు బ్లేడుతో గీయండి, అడుగున చుట్టుకుపోయినంత మేర కోసేయండి.

గొయ్యి అన్ని వైపులా అడుగున్నర. తవ్విన మట్టిలో మూడో వంతు మాగిన పశువుల ఎరువు కలిపితే చాలు. పచ్చి పేడ వేస్తే వేడికి వేరు మాడుతుంది. సంచిలో మట్టి ఎంత మేర ఉందో నేలలోనూ అంతే మేర. కాండం పూడిస్తే దాని మొదలు దగ్గర బెరడు కుళ్లుతుంది. జిగట నేలైతే జానెడు దిబ్బ చేసి దాని మీద నాటండి. చెన్నైకి ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాలదే కాబట్టి జూన్‌లో నాటితే నీళ్ల ఖర్చు తప్ప లాభం లేదు. చిత్త కార్తె, అంటే అక్టోబరు రెండో వారం సరైన అదను.

వేసవిలో రోజూ చెంబెడు నీళ్లు పోయడం కంటే వారానికి రెండుసార్లు పది లీటర్లు పోయడం మేలు. పైపైన తడిస్తే వేర్లూ పైకే వస్తాయి. మొక్క చుట్టూ రెండడుగుల పాదు కట్టి, ఎండుటాకులు కప్పండి, కాండానికి మాత్రం తగలనీయకండి. ఊతకర్రకు కొబ్బరితాడుతో ఎనిమిది అంకెలా వదులుగా కట్టాలి. నైలాన్ తాడు బెరడులోకి దిగిపోతుంది. కాండం కాస్త ఊగితేనే గట్టిపడుతుంది కాబట్టి ఏడాదిన్నరకు కర్ర తీసేయండి.

ఈ వివరాలన్నీ ఒక తమిళ కరపత్రంలో వేసి మొక్కతో పాటే ఇస్తే మరో అర మార్కు వేయొచ్చు. చాలాచోట్ల మొక్క చేతికిచ్చాక సేవ ముగిసినట్టే. విధానం ఫలించాలంటే నాటిన రోజు లెక్క కాదు, మూడో వేసవి దాటినవాటి లెక్క చూడాలి.

కానుగ పెట్టినవాళ్లకు ఒక మాట. ఆకుల మీద పచ్చటి బొడిపెలు తేలితే జబ్బనుకుని మందుల కొట్టుకు పరుగెత్తకండి. కంటికి ఆనని నల్లి పని అది, చెట్టుకు ప్రాణాపాయం లేదు. మందు కొడితే లేతాకు తినే సీతాకోకచిలుక గొంగళ్లూ, పూతకొచ్చే తేనెటీగలూ పోతాయి. బొడిపెలు ఎక్కడివక్కడే ఉంటాయి.