తిరుగు టికెట్ నుంచి మొదలుపెట్టండి: నిబంధనలు మారే రోజుల్లో వరంగల్ నుంచి విదేశాలకు

విదేశీ ప్రయాణం అనుకోగానే హన్మకొండలోనైనా జగిత్యాలలోనైనా ముందు అడిగే మాట, టికెట్ ఎంత పడుతుందని. కొవిడ్ మహమ్మారి రోజుల్లో దానికంటే ముందు ఇంకో మాట అడగాల్సి వచ్చింది: అక్కడి నుంచి ఇంటికి రావడానికి ఎన్ని దారులున్నాయి? పోవడానికి అడ్డం పడితే మనం మన ఇంట్లోనే ఉంటాం, పోయేది టికెట్ డబ్బు. రావడానికి అడ్డం పడితే పరాయి దేశంలో గది అద్దె, తిండి ఖర్చు, వీసా గడువు భయం, బీపీ గోలీలు అయిపోవడం, అన్నీ ఒకేసారి మీద పడతాయి. అందుకే లెక్క తిరుగు ప్రయాణం నుంచి వెనక్కి వేసుకుంటూ రావాలి.

మన దేశం నుంచి మామూలు అంతర్జాతీయ విమానాలు 2020 మార్చి 23న ఆగి, 2022 మార్చి 27న గానీ మళ్లీ మొదలు కాలేదు. మధ్యలో నడిచినవి 2020 మే 7 నుంచి, విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తీసుకురావడానికి ప్రభుత్వం నడిపిన వందే భారత్ విమానాలు, ఆ జూలై నుంచి ఒక్కో దేశంతో విడిగా కుదుర్చుకున్న ఎయిర్ బబుల్ విమానాలు. బబుల్ ఉంది కదా అని ఎవరు పడితే వాళ్లు ఎక్కడానికి వీలుండేది కాదు. ఏ వీసా ఉండాలి, ఆ దేశం మీదుగా ఇంకో దేశానికి పోవచ్చా అన్నది ఒప్పందం ఒప్పందానికీ వేరు. 2021 నవంబర్ 26న, డిసెంబర్ 15 నుంచి మామూలు విమానాలు నడుస్తాయని కేంద్రం ప్రకటించింది. సరిగ్గా అదే రోజు ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వేరియంట్‌కు ఒమిక్రాన్ అని పేరు పెట్టింది. డిసెంబర్ 1న ఆ నిర్ణయం వాయిదా పడింది. ప్రకటనకూ వాయిదాకూ మధ్య ఐదు రోజులు! తెరుస్తున్నామన్న వార్త చూసి రీఫండ్ లేని టికెట్ కొనకూడదనడానికి ఇదే కారణం. మొదటి రెండు వారాలు విమానాలు నిజంగా నడిచాక కొన్నా పోయేదేమీ లేదు.

నేరుగా రానివ్వని దేశానికి మూడో దేశం మీదుగా పోవడం మన సిరిసిల్ల, నిజామాబాద్, జగిత్యాల గల్ఫ్ కార్మికులకు బాగా తెలిసిన దారి. సౌదీ పోవాల్సినవాళ్లు నేపాల్‌లోనో మాల్దీవుల్లోనో 14 రోజులుండి అటు వెళ్లేవారు. 2021 ఏప్రిల్ చివర్లో నేపాల్ తన దేశం మీదుగా అట్లా పోయేవాళ్లను ఆపేసింది. ఇట్లాంటి దారి తప్పదనుకుంటే నేపాల్‌కు ఒక మేలుంది. అక్కడ ఇరుక్కున్నా వీసా గొడవ లేకుండా రోడ్డు మీద మన దేశంలోకి రావచ్చు. మాల్దీవుల్లో ఇరుక్కుంటే విమానం తప్ప గతి లేదు. మధ్య దేశంలో 14 రోజులకు డబ్బు కట్టేటప్పుడు ఇంకో 14 రోజులకు సరిపడా చేతిలో ఉండాలి. అది లేకపోతే ఆ దారి ఎంచుకోకూడదు. ఏజెంటు ఎంత భరోసా ఇచ్చినా సరే.

ఇక ఏ దేశం ఎట్లా ఉండేదో చూద్దాం.

దుబాయ్ 2020 జూలై 7నే పర్యాటకులకు తెరిచింది. షంషాబాద్ నుంచి నేరుగా విమానం, సుమారు నాలుగు గంటల ప్రయాణం, కాబట్టి మనకు అన్నిటికంటే తేలిక. కానీ 2021 ఏప్రిల్ 25 నుంచి యూఏఈ మన దేశం నుంచి వచ్చేవాళ్లను ఆపింది. అక్కడ నివాసం ఉన్నవాళ్లకు ఆగస్టు 5న, పర్యాటకులకు ఆగస్టు 30న తలుపు తీసింది. ఒకే దేశం కదా అని దుబాయ్, అబుధాబి కలిపి ప్లాన్ వేసుకుంటే తేడా కొట్టేది. 2021 సెప్టెంబర్ 19 దాకా దుబాయ్ నుంచి రోడ్డు మీద అబుధాబిలోకి పోవాలన్నా కొవిడ్ పరీక్ష రిపోర్టు చూపించాల్సి వచ్చేది. ఆంక్షలున్నప్పుడు ఒక్క ఊళ్లోనే దిగి, అక్కడి నుంచే తిరిగి రావడం మేలు.

మాల్దీవులు 2020 జూలై 15న తెరిచాయి. వీసా అక్కడ దిగాక ఇస్తారు, ఒక దీవి ఒక రిసార్టు. రోగం అంటే భయపడేవాళ్లకు ఇంతకంటే నిశ్చింతైన చోటు లేదు. ఖర్చు మాత్రం గట్టిగా ఉంటుంది. రిసార్టు బోటు లేదా సీప్లేన్ చార్జీ చాలాచోట్ల గది అద్దెలో ఉండదు, విడిగా అడిగి రాయించుకోవాలి. థాయిలాండ్ 2021 జూలై 1న ఫుకెట్‌ను, నవంబర్ 1 నుంచి 'టెస్ట్ అండ్ గో' పేరుతో మిగతా దేశాన్ని తెరిచింది. దిగగానే పరీక్ష, ఫలితం వచ్చేదాకా గుర్తింపు ఉన్న హోటల్లో ఒక రాత్రి. డిసెంబర్ 22న కొత్త దరఖాస్తులు ఆపేసినా అప్పటికే అనుమతి పొందినవాళ్లను రానిచ్చారు. ఈ ఒక్క విషయంలో థాయిలాండ్‌కు ఎక్కువ మార్కులు వేయాలి. ఇచ్చిన అనుమతిని గౌరవించే దేశానికి ముందుగా డబ్బు కట్టే ధైర్యం వస్తుంది.

సింగపూర్ పద్ధతిగా ఉండేది గానీ మనకు దూరం చేసింది. 2021 నవంబర్ 29న వ్యాక్సిన్ వేసుకున్నవాళ్లకు క్వారంటైన్ లేకుండా తెరిచిన ప్రత్యేక విమానాలు చెన్నై, ఢిల్లీ, ముంబై నుంచే ఉండేవి. వేరే విమానంలో దిగితే ఆ సౌకర్యం వర్తించేది కాదు. గ్రాండ్ ట్రంక్ లైను మీద ఉన్నాం కాబట్టి వరంగల్ నుంచి రాత్రి రైలెక్కి చెన్నై చేరడం పెద్ద పని కాదు. అయితే విమానం రోజునే చెన్నైలో దిగేట్టు రైలు పెట్టుకోవద్దు. ముందు రోజు చేరి అక్కడే పరీక్ష చేయించుకుంటే రైలు ఆలస్యమైనా రిపోర్టు గడువు దాటదు.

బ్రిటన్ మన దేశాన్ని 2021 ఏప్రిల్ 23న రెడ్ లిస్టులో పెట్టింది. ఆగస్టు 8న తీసేదాకా అక్కడ దిగినవాళ్లకు ప్రభుత్వం చూపిన హోటల్లో 10 రోజుల క్వారంటైన్, ఒక్కరికి 1,750 పౌండ్లు. గది ఎక్కడన్నది మన చేతిలో లేదు. కోవిషీల్డ్ వేసుకున్నవాళ్లకు ఏ క్వారంటైనూ లేకుండా పోయింది అక్టోబర్ 11 నుంచే. కోవాగ్జిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు 2021 నవంబర్ 3న వచ్చింది. అంతవరకు అది వేసుకున్నవాళ్లను చాలా దేశాలు అసలు వ్యాక్సిన్ వేసుకోనివాళ్ల కింద లెక్కగట్టాయి.

ఇప్పుడు అసలు ఇబ్బంది దగ్గరికి వద్దాం. కౌంటర్ దగ్గర మనవాళ్లను ఎక్కువగా ఆపేది రోగం కంటే పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. కోవిన్ సర్టిఫికెట్ ఎక్కువగా ఆధార్ చూసి తయారయ్యేది, టికెట్ పాస్‌పోర్టు చూసి కొంటాం. పుట్టిన తేదీ కూడా మొదట్లో కోవిన్ సర్టిఫికెట్ మీద సంవత్సరం వరకే ఉండేది. పూర్తి తేదీ, పాస్‌పోర్టు నంబరు ఉండే అంతర్జాతీయ సర్టిఫికెట్ విడిగా దించుకోవాల్సి వచ్చేది. అందులో పేరు సరిచేసుకునే అవకాశం ఒక్కసారే ఇచ్చారు, కాబట్టి పాస్‌పోర్టు ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టాల్సి వచ్చేది. ల్యాబ్‌లో శాంపిల్ ఇచ్చేటప్పుడు గుర్తింపు కింద ఆధార్ రాసేస్తారు. పాస్‌పోర్టు నంబరే రాయించండి. మహమ్మారి తగ్గాక కూడా ఈ పేరు గొడవ తగ్గలేదు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒకే పేరున్న పాస్‌పోర్టుతో వచ్చేవాళ్లకు యూఏఈ 2022 నవంబర్ 21 నుంచి విజిట్, టూరిస్టు వీసాల మీద ప్రవేశం ఆపేసింది. మన పల్లెల్లో అట్లాంటి పాత పాస్‌పోర్టులు చాలా ఉన్నాయి. టికెట్ కొనకముందే పాస్‌పోర్టు సరిచేయించుకోవాలి. గడువు ఆరు నెలలకు పైగా ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

విమానానికి ముందు ఇన్ని గంటల్లోపు చేయించిన ఆర్‌టీపీసీఆర్ (కొవిడ్ పరీక్ష) రిపోర్టే చెల్లేది. ఆ గంటల లెక్కలో రెండు పొరపాట్లు జరిగేవి. మొదటిది తేదీ. గురువారం తెల్లవారుజామున 4 గంటల విమానం అంటే బుధవారం మధ్యాహ్నమే వరంగల్ నుంచి బయల్దేరాలి. రెండోది గంటలు ఎప్పటి నుంచి మొదలవుతాయన్నది. సాధారణంగా శాంపిల్ ఇచ్చిన సమయం నుంచే లెక్క, రిపోర్టు చేతికొచ్చిన సమయం నుంచి కాదు. 48 గంటల నిబంధన ఉందనుకుందాం. గురువారం 4 గంటల విమానానికి మంగళవారం 4 గంటల తర్వాతే శాంపిల్ ఇవ్వాలి. ఉదయం 8కి ల్యాబ్ తెరవగానే ఇస్తే 44 గంటలవుతుంది, చేతిలో మిగిలేది 4 గంటలు. విమానం 5 గంటలు ఆలస్యమైతే రిపోర్టు చెల్లదు. అందుకే మంగళవారం మధ్యాహ్నం 2కి ఇచ్చి, బుధవారం పొద్దున రిపోర్టు ఇచ్చే ల్యాబ్‌ను ముందే మాట్లాడుకోవడం మంచిది. కనెక్టింగ్ ఫ్లైట్ ఉంటే కొన్ని దేశాలు మొదటి విమానం నుంచి, కొన్ని చివరి విమానం నుంచి లెక్కగట్టేవి. ఏదో తేలకపోతే చివరిది పట్టుకుని లెక్క వేసుకుంటే రెండింటికీ సరిపోతుంది. రిపోర్టు మీద శాంపిల్ సమయం, క్యూఆర్ కోడ్ రెండూ ఉండాలి. ఫోన్లో కోడ్ స్కాన్ కాకపోవచ్చు, రెండు ప్రింట్లు తీసి పెట్టుకోండి.

టికెట్ విషయంలో పదిహేను వందలు మిగులుతాయని రెండు పీఎన్ఆర్‌లుగా కొనడం మహమ్మారి రోజుల్లో పెద్ద తప్పు. రెండు టికెట్లైతే మధ్య ఊళ్లో ఇమిగ్రేషన్ దాటి లగేజీ తీసుకుని మళ్లీ చెకిన్ కావాల్సి రావచ్చు. అంటే ఆ దేశంలోకి ప్రవేశించే నిబంధనలన్నీ మనకు వర్తిస్తాయి. మొదటి విమానం రద్దయితే రెండో సంస్థకు సంబంధమే ఉండదు. 'తేదీ మార్పు ఉచితం' అంటే మార్చే రుసుము ఉండదని మాత్రమే అర్థం. కొత్త తేదీకి ధర పెరిగితే ఆ తేడా కట్టాల్సిందే.

ఏజెంటు దగ్గర కొంటే ఒక పని తప్పనిసరిగా చేయించాలి. బుకింగ్‌లో మీ సొంత మొబైల్ నంబరు, ఈమెయిల్ పెట్టించండి. విమానం సమయం మారినా రద్దయినా మెసేజ్ పోయేది బుకింగ్‌లో ఉన్న నంబరుకే. ఏజెంటు తన నంబరు పెట్టుకుంటే మీకు తెలిసేసరికి ఆలస్యమవుతుంది. రీఫండ్ కూడా వచ్చిన దారినే వెనక్కి పోతుంది, అంటే ముందు ఏజెంటు ఖాతాలోకి. లాక్‌డౌన్‌లో రద్దయిన టికెట్ల మీద సుప్రీంకోర్టు 2020 అక్టోబర్ 1న ఇచ్చిన తీర్పులోనూ ఏజెంటు ద్వారా కొన్నవాటికి డబ్బు ఏజెంటు ద్వారానే అని ఉంది. కాబట్టి రసీదు లేకుండా చేతికి నగదు ఇవ్వొద్దు. మంచి ఏజెంటు విలువ మాత్రం తక్కువేమీ కాదు. అర్ధరాత్రి విమానం రద్దయినప్పుడు ఫోనెత్తి వేరే సీటు చూసిపెట్టే మనిషి ఉంటే, పెద్దవాళ్లు ఒంటరిగా ప్రయాణించే ఇళ్లకు ఆ కాస్త కమీషన్ దండగ కాదు.

హోటల్ బుకింగ్‌లో ఉచిత రద్దు గడువు ఆ దేశపు టైము ప్రకారం ఉంటుంది. మనకంటే ముందున్న దేశాల్లో మన అర్ధరాత్రికల్లా అది దాటిపోతుంది. ఒక రోజు ముందుగానే నిర్ణయం తీసుకోండి. కిచెన్ ఉన్న గది కొంచెం ఖరీదైనా ఆంక్షల కాలంలో అదే నయం, బయటికి పోనివ్వకపోయినా అన్నం వండుకోవచ్చు.

ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో కొవిడ్ కవర్ అని రాసి ఉన్నా మూడు ప్రశ్నలకు ఈమెయిల్లో జవాబు తీసుకోవాలి. లక్షణాలు లేకుండా పాజిటివ్ వస్తే హోటల్ లేదా ఆసుపత్రి ఖర్చు ఇస్తారా? ప్రభుత్వం విమానాలు ఆపితే టికెట్ డబ్బు ఇస్తారా? అక్కడ ఇరుక్కుంటే పాలసీ పొడిగించుకోవచ్చా? మొదటి రెండింటికి చాలా పాలసీల్లో కాదనే జవాబు. పొడిగింపు అడిగేది గడువు ముగియకముందే.

పిల్లల దగ్గరికి అమెరికా పోయే తల్లిదండ్రుల విషయం విడిగా చెప్పాలి. విమానాలు ఆగిపోయినంత మాత్రాన అక్కడ ఉండే గడువు దానంతట అదే పెరగదు. అక్కడ దిగినప్పుడు ఎప్పటిదాకా ఉండొచ్చో రాసే ఐ-94 రికార్డులోని తేదీకి ముందే, గడువు పెంచమని అడిగే ఐ-539 దరఖాస్తు పెట్టాలి. ఆ తేదీ పాస్‌పోర్టులో వీసా గడువుకు వేరు, చాలామంది దీన్నే పొరబడతారు. మందులు ఉండే రోజులకు ఇంకో నెల కలిపి, డాక్టరు చీటీతో తీసుకుపోవాలి. అమెరికాకు మూడు నెలలకు మించి తీసుకుపోవడం మాత్రం కుదరదు, తర్వాతి వాటికి అక్కడి డాక్టరును ముందే చూసిపెట్టుకోవాలి.

వచ్చేటప్పుడు ధర కొంచెం ఎక్కువైనా షంషాబాద్‌లోనే మొదట దిగే విమానం ఎంచుకోవడం మంచిది. ఒమిక్రాన్ రోజుల్లో 'ముప్పున్న' దేశాల నుంచి వచ్చినవాళ్లకు దిగిన మొదటి విమానాశ్రయంలోనే పరీక్ష. ఫలితం వచ్చేదాకా బయటికీ పంపేవారు కాదు, డొమెస్టిక్ ఫ్లైటూ ఎక్కనిచ్చేవారు కాదు. ఢిల్లీలోనో ముంబైలోనో దిగి రెండు గంటల్లో హైదరాబాద్ విమానం పెట్టుకుంటే అది పోయినట్టే ఉండేది. మన దేశానికి వచ్చేవాళ్లు ఆన్‌లైన్లో నింపాల్సిన ఎయిర్ సువిధ ఫారం 2022 నవంబర్ 22న తీసేశారు. కానీ 2023 జనవరి 1 నుంచి చైనా, హాంకాంగ్, జపాన్, దక్షిణ కొరియా, సింగపూర్, థాయిలాండ్‌ల నుంచి వచ్చేవాళ్లకు మళ్లీ పెట్టి, ఆ ఫిబ్రవరిలో ఎత్తేశారు. తీసేసినవి మళ్లీ రావచ్చు కాబట్టి బయల్దేరే ముందు రోజు కేంద్ర ఆరోగ్య శాఖ ఉత్తర్వు, విమాన సంస్థ సైటు రెండూ చూడాలి.

ఇంటికి చేరాక రోజులు కూడా ప్లాన్‌లో భాగమే. 2022 జనవరి 11 నుంచి విదేశాల నుంచి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఏడు రోజుల హోం క్వారంటైన్, 8వ రోజు పరీక్ష. ఫిబ్రవరి 14న అది ఎత్తేశారు. మేడారం జాతర ఆ నెల 16 నుంచి 19 దాకా. ఫిబ్రవరి 7న దిగినవాళ్లకు జాతరకు ముందే ఏడు రోజులు పూర్తయ్యేవి. పదో తేదీ తర్వాత దిగేట్టు టికెట్ కొన్నవాళ్లకు, ఆ నిబంధన ఎత్తేస్తారని ముందే తెలిసే వీలు లేనప్పుడు, అమ్మవార్లు గద్దెల మీదికి వచ్చే రోజు ఇంట్లో విడిగా ఒక గదిలో గడిచే లెక్కే. పెళ్లికో జాతరకో వచ్చేవాళ్లు పది రోజుల ముందే దిగేట్టు టికెట్ చూసుకుని, ఇంట్లో విడి బాత్రూం ఉన్న గది ఒకటి ఖాళీ చేయించి పెట్టుకోవాలి.