ఇరుగుపొరుగుకి ఎరవివ్వడానికి తట్టుకునే డ్రిల్లింగ్ మిషన్: బాష్ జీబీహెచ్ 220

ఒంగోలు చుట్టుపక్కల కొత్తిళ్లు లేస్తున్న వీధుల్లో డ్రిల్లింగ్ మిషన్ ఒకరింట్లో ఉంటే వీధంతటికీ ఉన్నట్టే. "అన్నా, కర్టెన్ రాడ్లు బిగించుకోవాల, ఒక్కపూట మిషనియ్యవా" అని అడిగితే కాదనలేం, అనకూడదు కూడా. అలా పది చేతులు మారేదానికి ఇది బాగా సరిపోతుంది. 720 వాట్ల మోటారు, సుత్తిలా కొట్టే దెబ్బ బలం 2 జౌల్స్, కాంక్రీట్లో 22 మిల్లీమీటర్ల దాకా రంధ్రం. బరువు 2.3 కిలోలే, నిచ్చెనెక్కినా చెయ్యి లాగదు.

చిక్కంతా రంధ్రం వేసే బిట్ల దగ్గరే. తోకకి గాళ్లుండే ఎస్‌డీఎస్ ప్లస్ బిట్లే పడతాయి. మామూలు గుండ్రటి తోక బిట్ దూర్చితే పట్టు చిక్కదు. అందుకే 6, 8, 10 ఎమ్మెమ్ బిట్లు మీరే జతచేసి పంపండి. ఎట్ల బిగించాలో ఎదురుగా చేసి చూపించండి: తోక శుభ్రంగా తుడిచి, కాస్త గ్రీజు పూసి, తిప్పుతూ లోపలికి నెట్టాలి. పట్టి లాగితే బయటికి రాకూడదు. గ్రీజు లేకుండా వాడితే తోక, దాన్ని పట్టుకునే చక్ రెండూ అరుగుతాయి. బిట్ ఊగి రంధ్రం పెద్దదవుతుంది, స్క్రూ కోసం గోడలో దూర్చే ప్లగ్గు నిలవదు.

టైల్ మీద మొదట దెబ్బ మోడ్ ఆపి, పైపొర దాటాకే వెయ్యమనండి. వంటింటి గట్టు చీమకుర్తి గ్రానైట్‌దైతే అసలివ్వకండి, దెబ్బకి అంచు పెచ్చులూడుతుంది. దానికి డైమండ్ బిట్ ఉన్నవాళ్లని పిలవాల్సిందే. కాంక్రీట్ మధ్యలో ఇనప కమ్మి తగిలితే పక్కకి జరిపి వేసుకోమనండి. ఇంకా నొక్కితే మొన విరుగుతుంది, మణికట్టు కూడా తిరగబడుతుంది.

గోడ పగలగొట్టేదానికి మాత్రం మొహమాటపడొద్దు, ఇవ్వనని చెప్పండి. ఉలి మోడ్ ఉన్నా అది పాత టైళ్లు, ప్లాస్టరింగ్ తియ్యడం వరకే. గోడకైతే పగలగొట్టే పెద్ద మిషన్, బ్రేకర్, అద్దెకి తెచ్చుకోవాలి.

ఎక్స్‌టెన్షన్ వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లది మీదే ఇవ్వండి. ప్లగ్ కోసేసి, తీగల్ని అగ్గిపుల్లలతో సాకెట్లో కుక్కేవాళ్లున్నారు, ప్రాణం మీదికి వస్తుంది.

తిరిగొచ్చాక ఖాళీగా తిప్పి, గాలి సందుల్లోంచి చూడండి. మోటారుకి కరెంటందించే కార్బన్ బ్రష్‌ల దగ్గర సన్నటి మెరుపులు మామూలే. చుట్టూ వలయంలా మంట కనిపిస్తే ఆ బ్రష్‌లు మెకానిక్‌కి చూపించి, అరిగుంటే రెండూ కలిపి మార్చండి. కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి బిట్లు త్వరగా తుప్పుపడతాయి, నూనె గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టుకోండి.