ఎంజీబీ వేడెక్కకుండా: అల్యూమినియం రేడియేటర్, ఎలక్ట్రిక్ ఫ్యాన్ చాలాకాలం వాడాక

బండి 1972 ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, 1798 సీసీ ఇంజన్. నడిచేది టెక్సస్ ఎండల్లో. దీనికి వేసిన అల్యూమినియం రేడియేటర్, ఎలక్ట్రిక్ ఫ్యాన్, 82 డిగ్రీల థర్మోస్టాట్ (ఆ వేడికి తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు) ఏళ్ల తరబడి వాడాక రాస్తున్న సమీక్ష ఇది. అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది మాత్రం డబ్బు పెట్టి కొన్నది కాదు, ఇంజన్ బ్లాకులోంచి (సిలిండర్లుండే ఇనప దిమ్మ) కడిగి తీసిన తుప్పు బురద. దాని తర్వాతే ఫ్యాన్. రేడియేటర్‌ది మూడో స్థానం.

ఏదైనా కొనే ముందు బండి ఎప్పుడు వేడెక్కుతోందో చూసుకోండి. సిగ్నల్ దగ్గర వేడి మీటర్ ముల్లు లేచి, బండి కదలగానే దిగిపోతుంటే కొరత గాలిది, మంచి ఫ్యాన్ వేస్తే తీరుతుంది. హైవే మీద వేగం పెంచినకొద్దీ లేస్తుంటే ఎంత మంచి ఫ్యాన్ వేసినా దండగే, ఆ వేగంలో గాలి ఎలాగూ వస్తుంది. అప్పుడు చూడాల్సినవి పూడుకుపోయిన కోర్ (రేడియేటర్‌లోని సన్న ట్యూబుల భాగం), పాడైన వాటర్ పంప్, వెనకబడిన ఇగ్నిషన్ టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం), పెట్రోల్ తగ్గి పలచబడిన మిశ్రమం. ఆ టైమింగ్‌ను ముందుకు జరిపే వ్యాక్యూమ్ అడ్వాన్స్ పైపు ఊడిపోయి ఉన్నా వేడి పెరుగుతుంది, దీన్ని చాలామంది చూడరు.

మీటర్‌ను కూడా గుడ్డిగా నమ్మకూడదు. సన్న రాగి గొట్టంతో వచ్చే రకమైతే దాని బల్బును జాగ్రత్తగా విప్పి, మరుగుతున్న నీళ్లలో ముంచి ముల్లు ఎక్కడ నిలుస్తుందో గుర్తుపెట్టుకోండి. కొన్ని ఏళ్ల కార్లలో ఎలక్ట్రిక్ మీటర్ ఉంటుంది. దాంతోపాటు పెట్రోల్ ముల్లు కూడా ఎక్కువ చూపిస్తోందంటే ఇంజన్‌ది కాదు, మీటర్లకు వెళ్లే కరెంటును నిలకడగా ఉంచే వోల్టేజ్ స్టెబిలైజర్‌ది తప్పు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడేవాళ్లు మెరిసే అల్యూమినియం మీద నేరుగా కొలవకండి, అసలు వేడి కంటే తక్కువ చూపిస్తుంది. కొలిచే చోట నల్ల టేప్ ముక్క అంటించాలి.

ఇక బ్లాకు. డ్రెయిన్ ట్యాప్ వెనక భాగంలో, నాలుగో సిలిండర్ వైపు ఉంటుంది. నీళ్లు నెమ్మదిగా పారే చోటు కాబట్టి పోత ఇసుక (బ్లాకును పోతపోసినప్పుడు మిగిలినది), తుప్పు అన్నీ అక్కడికే చేరతాయి. ట్యాప్ తిప్పితే చుక్క కూడా రాలేదంటే లోపల ఖాళీ అని కాదు, రంధ్రం పూడుకుపోయిందని. ట్యాప్ పూర్తిగా విప్పేసి, గట్టి తీగతో లోపలికి పొడిచి కదపాలి. థర్మోస్టాట్ తీసేసి, పైనుంచి తోట పైపుతో నీళ్లు వదిలితే ముందు గోధుమరంగు ముద్ద, తర్వాత ఇటుక పొడి రంగు నీళ్లు, చాలాసేపటికి తేట నీళ్లు వస్తాయి. మధ్యలో రంధ్రం మళ్లీ మూసుకుంటుంది, మళ్లీ పొడవాలి. ఈ పనంతా కొత్త రేడియేటర్ బిగించే ముందే జరగాలి. లేకపోతే ఆ బురదంతా కొత్త కోర్‌లోకి ఎక్కుతుంది. థర్మోస్టాట్ హౌసింగ్‌కున్న మూడు స్టడ్‌లు తరచూ పట్టేసి ఉంటాయి. ముందురోజే తుప్పు వదిలే నూనె పోసి ఉంచండి, సుత్తితో బాదితే హౌసింగ్ పగులుతుంది.

థర్మోస్టాట్ తీసేసి నడపమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినకండి. ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, చోక్ ఎక్కువసేపు లాగి ఉంచాలి, సిలిండర్ గోడలు అరుగుతాయి. ఎండ ప్రాంతాలకు 74 డిగ్రీలది దొరుకుతుంది, కానీ అది ముందుగా తెరుచుకుంటుందంతే. రేడియేటర్ చేతకానప్పుడు ఏ థర్మోస్టాట్ కూడా కాపాడదు.

అల్యూమినియం రేడియేటర్ బరువు తక్కువ, హైవే మీద నిలకడ బాగుంది. కానీ మంచి స్థితిలో ఉన్న పాత ఇత్తడి రేడియేటర్‌కు కొత్త కోర్ వేయించుకున్నా దాదాపు ఇదే ఫలితం వస్తుందని నా అభిప్రాయం. అల్యూమినియానికి విద్యుత్ లీకేజీ పడదు. మల్టీమీటర్ నల్ల వైరు బ్యాటరీ నెగటివ్‌కు, ఎర్ర వైరు కూలెంట్‌లోకి పెట్టి చూడండి. 0.3 వోల్టులు దాటితే ఎక్కడో ఎర్త్ (బండి బాడీకి కలిపే కరెంటు కనెక్షన్) సరిగా లేదు, ముందు అది సరిచేయాలి.

ఫ్యాన్‌ను కోర్‌లోంచి గుచ్చే ప్లాస్టిక్ టైలతో కట్టకండి. అదురుకు ట్యూబుల్ని కోసేస్తాయి. అంచుకు బ్రాకెట్ చేయించి, వెనకవైపున చుట్టూ తొడుగుతో బిగిస్తే కోర్ మొత్తం మీదుగా గాలి లాగుతుంది. పాత ఫ్యాన్ బోల్టులే పుల్లీనీ పట్టి ఉంచుతాయి కాబట్టి ఫ్యాన్ తీశాక పొట్టి బోల్టులు వేసుకోవాలి. కరెంటును 30 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), 20 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా ఇవ్వండి, పాత స్విచ్ గుండా కాదు. వేడికి ఫ్యాన్‌ను ఆన్ చేసే స్విచ్‌ను పై హోస్ మధ్యలో అడాప్టర్‌తో పెడితే దానికి ప్రత్యేకంగా ఎర్త్ వైరు లాగాలి. రెండువైపులా రబ్బరే కదా, ఎర్త్ లేకపోతే ఫ్యాన్ తిరగనే తిరగదు.

1967 దాకా వచ్చిన కార్లకు పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిసి ఉంటుంది), 22 ఆంపియర్ల డైనమో. ఐడ్లింగ్‌లో అది దాదాపు ఛార్జ్ చేయదు, కాబట్టి రాత్రి ట్రాఫిక్‌లో హెడ్‌లైట్లతోపాటు ఫ్యాన్ తిరిగితే బ్యాటరీ దిగిపోతుంది. పైగా వైర్లు తారుమారైతే ఫ్యాన్ వెనక్కి తిరిగి, ఎదురొచ్చే గాలికి అడ్డుపడుతుంది. బిగించాక ఒక కాగితం ముక్క గ్రిల్ ముందు పట్టుకోండి, లోపలికి లాగితేనే సరైనట్టు.

చవకైన పని మరొకటుంది. రేడియేటర్ ప్యానెల్‌కూ బానెట్‌కూ మధ్య ఉండే రబ్బరు సీల్ చాలా బళ్లలో కరిగిపోయి ఉంటుంది. గాలి దారి సులువుగా ఉన్నవైపే పోతుంది, కోర్‌ను వదిలేసి పైనుంచి వెళ్లిపోతుంది. నీళ్లు పీల్చని ఫోమ్ పట్టీ అంటిస్తే చాలు. గ్రిల్ ముందు పెద్ద ఫాగ్ లైట్లుంటే అవి కూడా గాలికి అడ్డమే.

రేడియేటర్ మూత సంగతి మరిచిపోవద్దు. అది పట్టి ఉంచే ఒత్తిడి పాత బళ్లకు 7, తర్వాతివాటికి 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). ఒత్తిడి ఎక్కువున్న మూత వేస్తే పాత హీటర్ కారడం మొదలవుతుంది. మూత లోపలి సీల్ రేడియేటర్ గొంతులోని అంచును తాకేంత పొడవుండాలి, పొట్టిదైతే ఒత్తిడే నిలవదు. ఈ బండికి ఎక్స్‌పాన్షన్ ట్యాంకు లేదు కాబట్టి అంచుదాకా పోస్తే వేడికి పెరిగిన నీళ్లు కింద కారిపోతాయి. మరిగి పొంగిందనుకుని కంగారు పడకండి. మెడకు అంగుళం కిందికి ఉంచితే ఆగిపోతుంది.

కూలెంట్ మూడింట ఒక వంతు, మిగతాది డిస్టిల్డ్ వాటర్. ఈ పాళ్లలో మైనస్ 18 డిగ్రీల దాకా గడ్డకట్టదు, సగం సగం కలిపినదానికంటే వేడినీ బాగా మోస్తుంది. రెండేళ్లకోసారి మార్చండి, మార్చే ప్రతిసారీ బ్లాకు ట్యాప్ కూడా తెరవండి.