పరికల్పిత కణాల మీద ఒక తెలుగు వీడియో పాఠ్యక్రమం: సమీక్ష

సిద్ధాంతంలో చోటు ఉండి, ఇప్పటివరకు ఏ ప్రయోగానికీ చిక్కని మౌలిక కణాల గురించి తెలుగులో చెప్పిన 9 భాగాల వీడియో పాఠ్యక్రమాన్ని ఈమధ్యే పూర్తిచేశాను. ఒక్కో భాగం 40 నిమిషాలకు అటూఇటూగా ఉంటుంది. కొన్ని భాగాలను రెండోసారి కూడా చూశాను, అందుకు ముఖ్య కారణం వీటిని చెప్పిన అధ్యాపకురాలు పారిభాషిక పదాల విషయంలో పాటించిన నియమం.

తెలుగులో ఈ విషయం చదివేవారికి మూడు మాటలు తరచూ కలగాపులగమవుతాయి. సంకీర్ణ సంఖ్యల పాఠంలో వాస్తవ భాగం, కల్పిత భాగం అని చదువుకుంటాం. కాంతి పాఠంలో నిజ ప్రతిబింబం, మిథ్యా ప్రతిబింబం అని చదువుకుంటాం. ఆ తరువాత పత్రికల్లో ‘ఊహాత్మక కణం’ కనిపించగానే ఈ మూడూ ఒకటే అయివుంటాయన్న భ్రమ కలుగుతుంది. మొదటి భాగంలోనే ఆమె ఈ ముడి విప్పారు. మిథ్యా కణం అన్నది కణాల పరస్పర చర్యను లెక్కగట్టేందుకు గీసే ఫైన్‌మన్ చిత్రంలో లోపలి గీతగా వచ్చేది. మిథ్యా ఫోటాన్ అన్నంత మాత్రాన ఫోటాన్ ఉనికి మీద ఎవరికీ సందేహం ఉండదు. ఉందో లేదో ఇంకా తేలని కణానికి ఆమె ‘పరికల్పన’ నుంచి తీసుకున్న ‘పరికల్పిత కణం’ అన్న పేరును ఎంచుకుని, చివరి భాగం దాకా మార్చకుండా వాడారు. పత్రికల్లో ఎక్కువగా కనిపించేది ‘ఊహాత్మక’ అయినా, అది వినగానే ఎవరో సరదాకి ఊహించుకున్నదన్న అర్థం స్ఫురిస్తుంది కనుక, ఈ ఎంపికే సరైనదని నా అభిప్రాయం.

టాకియాన్ భాగంలో ఈ జాగ్రత్త మరింత ఉపయోగపడింది. కాంతికన్నా వేగంగా పోయే కణాల గురించి 1962లో భౌతికశాస్త్రవేత్తలు సుదర్శన్, బిలానియుక్, దేశ్‌పాండే కలిసి రాశారు, వాటికి టాకియాన్ అన్న పేరు 1967లో ఫైన్‌బర్గ్ పెట్టారు. ఇక్కడ కణం పరికల్పితం, దాని ద్రవ్యరాశి గణితపరంగా కల్పితం, అంటే దాని వర్గం రుణసంఖ్య. రెండు మాటలూ ఒకే వాక్యంలో వచ్చినా వినేవారికి ఎక్కడా తడబాటు కలగలేదు. కణాలను క్షేత్రాల్లోని అలజడులుగా చూసే నేటి క్షేత్ర సిద్ధాంతంలో ద్రవ్యరాశి వర్గం రుణాత్మకం కావడమంటే ఆ క్షేత్రం అస్థిర స్థితిలో ఉందని అర్థమే తప్ప, ఏదో కణం కాంతిని దాటి పరుగెడుతోందని కాదు. ఇది చెప్పి, మౌలిక కణాలకు ద్రవ్యరాశినిచ్చే హిగ్స్ క్షేత్రాన్నే ఉదాహరణగా చూపడం నాకు ఎంతో నచ్చింది.

అన్నిటిలోకీ ఉత్తమమైనది అయస్కాంత ఏకధ్రువాల, అంటే ఉత్తర ధ్రువమో దక్షిణ ధ్రువమో ఒక్కటే ఉండే కణాల భాగం. విద్యుదావేశం ఎందుకు ఒక ప్రమాణానికి గుణిజాలుగానే ఉంటుందన్న ప్రశ్నకు, విశ్వంలో ఒక్క ఏకధ్రువం ఉన్నా జవాబు దొరుకుతుందని 1931లో డిరాక్ చూపారు. ఆ తర్కాన్ని పలక మీద తొందర లేకుండా రాసి, ఆమె నేరుగా 1982 ఫిబ్రవరి 14 నాటి కబ్రేరా ప్రయోగానికి వచ్చారు. 20 చదరపు సెంటీమీటర్ల వైశాల్యమున్న, విద్యుత్ నిరోధం లేని అతివాహక తీగచుట్టలోని ప్రవాహాన్ని స్టాన్‌ఫర్డ్‌లో ఎడతెగకుండా నమోదు చేస్తూండగా, తిన్నగా సాగుతున్న గీత ఉన్నట్టుండి మెట్టులా మారింది. ఆ మెట్టు ఎత్తు డిరాక్ చెప్పిన ఒక్క ఏకధ్రువ ప్రమాణానికి సరిపోయింది. మొత్తం 151 రోజుల నమోదులో అలాంటిది ఆ ఒక్కటే. ఆ తరువాత మరింత పెద్ద పరికరాలతో వెతికినా మళ్లీ కనిపించలేదు. ఆమె దాన్ని ‘ఆవిష్కరణ’ అనలేదు, ‘పొరపాటు’ అనీ కొట్టిపారేయలేదు. ‘అభ్యర్థి ఘటన’ అని మాత్రమే పేర్కొన్నారు.

ఆక్సియాన్ భాగం కూడా బాగుంది. కేంద్రకాన్ని కట్టి ఉంచే బలమైన బలంలో ఆవేశ–సమతా సౌష్ఠవ భంగం (కణాన్ని ప్రతికణంగా మార్చి, అద్దంలోలా తిప్పినప్పుడు నియమాలు మారడం) ఎందుకు కనిపించదన్న చిక్కుకు 1977లో పెచ్చీ, క్విన్ చూపిన పరిష్కారం నుంచి ఒక కొత్త కణం ఉండితీరాలని మరుసటి ఏడాది వైన్‌బర్గ్, విల్చెక్ విడివిడిగా గుర్తించారు. చిక్కును శుభ్రం చేస్తుంది కనుక విల్చెక్ దానికి ఒక బట్టల సబ్బుపొడి పేరు పెట్టారు. అయితే మొదట ప్రతిపాదించిన ఆక్సియాన్‌ను ప్రయోగాలు త్వరలోనే తోసిపుచ్చాయని, ఇప్పుడు వెతుకుతున్నది ఎంతో తేలికైన, పదార్థంతో ఎంతో బలహీనంగా స్పందించే మరో రూపమని ఇంకొంత నొక్కి చెప్పవలసింది.

లోపాలు లేకపోలేదు. తెలిసిన ప్రతి కణానికీ స్పిన్ (కణపు సహజ భ్రమణ గుణం) అర ప్రమాణం తేడాగా ఉన్న ఒక జోడీ కణం ఉంటుందనే సూపర్‌సౌష్ఠవాన్ని ఒక్క భాగంలో కుదించడంతో ఆ భాగం పేర్ల జాబితాలా తయారైంది. స్పిన్ సున్నా ఉన్న జోడీకి పేరు ముందు ‘స’కారం చేరి సెలెక్ట్రాన్, స్క్వార్క్ అవుతుందనీ, ఫెర్మియాన్ (అర్ధ పూర్ణాంక స్పిన్ ఉన్న) జోడీకి చివర ‘ఇనో’ చేరి గ్లూయినో, హిగ్సినో అవుతుందనీ ముందే చెప్పివుంటే ఆ పేర్లలో సగం వాటంతట అవే అర్థమయ్యేవి. ఒకప్పుడు పరికల్పితంగా ఉండి తరువాత ప్రయోగానికి చిక్కిన న్యూట్రినో గురించిన భాగంలో ఒక తప్పు దొర్లింది: ఆ పేరు పౌలీ పెట్టినట్టు తెర మీద రాశారు. 1930లో పౌలీ తన ప్రతిపాదనలో వాడిన పేరు ‘న్యూట్రాన్’. 1932లో చాడ్విక్ కనుగొన్న బరువైన కణానికి ఆ పేరు స్థిరపడ్డాక, దీనికి న్యూట్రినో అన్న పేరును ఫెర్మీ ప్రచారంలోకి తెచ్చారు. పేర్ల గురించి ఇంత శ్రద్ధ చూపిన పాఠంలో ఈ తప్పు ఉండిపోకూడదు. దిద్దమని నిర్వాహకులకు రాశాను.

క్వాంటం యాంత్రికశాస్త్రం కొద్దిగా తెలిసినవారు మొదటి భాగం నుంచి వరుసగా చూడవచ్చు. గణితం బొత్తిగా వద్దనుకునేవారు 1, 4, 6 భాగాలతో మొదలుపెట్టి, సూపర్‌సౌష్ఠవ భాగాన్ని చివరికి ఉంచుకోవడం మంచిది.